‘ఎక్సలెంట్’ గీత ఎక్కడ గీశారు?

ల్యాబ్‌లో తయారైన వజ్రాలకు రంగు, స్వచ్ఛతల పాత గ్రేడ్లు ఇవ్వడం 2025 అక్టోబర్ నుంచి జీఐఏ (వజ్రాలను పరీక్షించి రిపోర్టులిచ్చే అమెరికా సంస్థ) మానేసింది. ఇప్పుడు వాటికి ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అని రెండే ముద్రలు. ఆ రెండింటికీ తూగని రాయికి ఏ ముద్రా పడదు. గుండ్రటి రాయి ప్రీమియం అనిపించుకోవాలంటే దాని కట్, అంటే కోసిన కోణాలు, కొలతల తీరు, ‘ఎక్సలెంట్’ అయి ఉండాలి. ఈ షరతుతో నగల వ్యాపారంలో సద్దుమణిగిందనుకున్న తగువు మళ్లీ లేచింది. ఎక్సలెంట్ అని రాసిన రాళ్లన్నీ నిజంగా ఒకేలా మెరుస్తాయా?

నాలుగు ‘సీ’ల (క్యారెట్ బరువు, కలర్, క్లారిటీ, కట్) కథ ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు. గుండ్రటి వజ్రం బాగా మెరవాలంటే ఎలా కోయాలో టోల్కోవ్‌స్కీ 1919లో లెక్కగట్టిన కోణాలు (పైభాగమైన క్రౌన్‌కు 34.5 డిగ్రీలు, కింది పెవిలియన్‌కు 40.75) ఏ షాపు బ్రోచర్‌లోనైనా దొరుకుతాయి. అంతగా ఎవరూ చెప్పని సంగతి మరొకటి ఉంది. 1955లోనే వజ్రాల రిపోర్టులు మొదలుపెట్టిన జీఐఏ, 2005 దాకా కట్‌కు గ్రేడు ఇవ్వనే లేదు.

ఆ పనికి ముందుగా దిగింది అమెరికన్ జెమ్ సొసైటీ. 1996లో లాస్ వెగాస్‌లో ల్యాబ్ తెరిచి, కట్‌కు సున్నా నుంచి పది దాకా మార్కులు వేసింది. సున్నా వస్తే అన్నిటికన్నా మేలు. మొదట్లో అది కొలతల పట్టికే. 2005లో పద్ధతి మార్చి, రాయిలోకి వెళ్లిన కాంతి ఏమవుతోందో చూడటం మొదలుపెట్టారు. ‘యాసెట్’ అనే పరికరం కింద పెడితే రాయి రంగులుగా విడిపోయి కనిపిస్తుంది. పైనుంచి వచ్చే బలమైన కాంతిని కంటికి తిప్పి పంపే చోట ఎరుపు, పక్కల నుంచి వచ్చే కాంతి అందే చోట ఆకుపచ్చ, చూసేవాడి తల నీడ పడేచోట నీలం. కాంతి కింది నుంచి కారిపోతున్న చోట ఏ రంగూ ఉండదు. ఆ బొమ్మ ముందు పెడితే దుకాణదారుడు దబాయించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

జీఐఏ మరో దారి పట్టింది. 3.85 కోట్లకు పైగా కొలతల కలయికలను కంప్యూటర్‌లో పరీక్షించింది. సుమారు 2,300 రాళ్లను మనుషులకు చూపించి, 70,000కు పైగా అభిప్రాయాలు సేకరించింది. అందంగా కనిపించే రాయికి ఒకే కొలత ఉండదని, మనుషుల ఇష్టాలూ వేరువేరని తేల్చింది. 2006 జనవరిలో ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా ఐదు మెట్లతో గ్రేడు తెచ్చింది.

చిక్కంతా మొదటి మెట్టు వెడల్పులో ఉంది. క్రౌన్ కోణం 31.5 నుంచి 36.5 డిగ్రీల వరకు, పెవిలియన్ 40.6 నుంచి 41.8 వరకు ఎక్సలెంట్‌లో పడే వీలుంది. రెండూ కలిసి కుదరాలన్న మాట నిజమే. అయినా క్రౌన్ కాస్త నిటారుగా, పెవిలియన్ కాస్త లోతుగా ఉన్న రాళ్లు చాలానే ఎక్సలెంట్‌లో చేరిపోయాయి. పైగా గ్రేడు వేసేముందు క్రౌన్ కోణాన్ని దగ్గరి అర డిగ్రీకి, పెవిలియన్‌ను 0.2 డిగ్రీకి సర్దుతారు. పెవిలియన్ దగ్గర ఆ కాస్త తేడాకే కాంతి దారి మారిపోతుంది.

గీత వెడల్పైతే లాభం ఎవరికి? లోతుగా కోసిన రాయిలో బరువు నిలుస్తుంది. మంచి కోతలో ఒక క్యారెట్ రాయి దాదాపు 6.5 మిల్లీమీటర్ల అడ్డం ఉంటుంది. లోతు పెంచితే 6.3కి పడిపోయినా కాగితం మీద క్యారెట్ క్యారెట్టే. 0.98 క్యారెట్‌కి, 1.00 క్యారెట్‌కి మధ్య ధర ఎగిరి దూకుతుంది కాబట్టి, సాన పట్టేవాడు గ్రేడు అంచు దాకా వెళ్లి ఆగుతాడు. ప్రపంచపు వజ్రాల్లో సింహభాగం కోసే సూరత్‌లో కంప్యూటర్ మీద పచ్చి రాయికి ప్లాన్ వేసేటప్పుడే ఈ లెక్క చూసుకుంటారు. తప్పు వాళ్లదని అనలేం. గీత గీసింది వాళ్లు కాదు. మన కొల్లూరు గనిదని చెప్పే కోహినూర్‌ను 1852లో లండన్‌లో మళ్లీ కోసినప్పుడు, మెరుపు కోసం 186 క్యారెట్లను 105.6కి దించారు. అది రాణిగారి రాయి, అమ్మకానికి పెట్టింది కాదు. అంత బరువు వదులుకోవడానికి ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

మార్కెట్ కూడా వెడల్పు గీతవైపే నిలిచింది. అమెరికన్ జెమ్ సొసైటీ ల్యాబ్ 2022 చివర్లో మూతపడి, దాని పరిజ్ఞానం జీఐఏ చేతికొచ్చింది. ఆ కాంతి పరీక్ష ఇప్పుడు అదనపు రిపోర్టుగా అడిగినవాళ్లకే. మరోపక్క ఐజీఐ అనే ఇంకో ల్యాబ్ రిపోర్టుల్లో ఎక్సలెంట్ పైన ‘ఐడియల్’ అనే మెట్టు ఉంది. అంటే ఒక చోటి మొదటి ర్యాంకు పేరు, ఇంకో చోట రెండోది.

ఇదంతా గుండ్రటి రాళ్ల సంగతి. ఓవల్, పేర్, కుషన్ ఆకారాలు 2006 నాటి లెక్కలోకే రాలేదు. ప్రీమియం ముద్రకు పెట్టిన కట్ షరతు కూడా గుండ్రటి రాళ్లకే. షాపులో ఓవల్ రాయికి ‘డబుల్ ఎక్సలెంట్’ అని చూపించేది పాలిష్‌ను (పై నునుపు), సిమెట్రీని (ముఖాల పొందిక). రాయి మధ్యలో అడ్డంగా పడే బో-టై నీడ ఎంత నల్లగా ఉందో ఆ రెంటిలో దేన్ని బట్టీ తెలియదు.