పేజర్ కొనేముందు గోడలు చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

గుంటూరు బ్రాడీపేటలో బిర్యానీ హోటల్‌కి వెళ్తే చేతికో గుండ్రటి బిళ్ళ ఇచ్చారనీ, టేబుల్ ఖాళీ అవగానే అది గుర్రుమంటూ లైట్లు వెలిగించిందనీ రాశారు. అలాంటివి బాబాయి ఆసుపత్రికీ, మావయ్య కోల్డ్ స్టోరేజీకీ కొనమని చెప్పమంటారా అని అడిగారు. పేజర్లు కొనమనండి. ఆ బిళ్ళలు మాత్రం వద్దు.

పేజర్ అంటే మామూలుగా వినడమే తప్ప బదులు చెప్పలేని చిన్న రేడియో. 1949లో ఆల్ గ్రాస్ అనే ఇంజనీరు దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1950లో న్యూయార్కులో ముందుగా వాడింది డాక్టర్లే. మన దేశంలో పేజర్ సర్వీసు 1995లో మొదలైంది. సెల్‌ఫోన్ కూడా అదే ఏడు దిగడంతో పేజర్ నడుముకి తగిలించుకుని తిరిగే దర్జా ఎన్నాళ్ళో సాగలేదు. ఊరంతటికీ సందేశాలు పంపే ఆ సర్వీసులు పోయాయి. ఒక్క భవనానికి సొంత ట్రాన్స్‌మిటర్ పెట్టుకునే పద్ధతి మాత్రం మిగిలింది. హోటల్లో మీరు చూసింది అదే.

హోటల్ వాళ్ళకి ఆ బిళ్ళ చాలు. ఒకవేళ మోగకపోతే ఆకలిమీదున్న కస్టమరు నాలుగు మాటలంటాడు, అంతే. జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు కాబట్టి, దూరం వెళ్తే అరిచే రకం తీసుకుంటే మంచిది.

ఆసుపత్రి సంగతి వేరు. లేబర్ రూము నుంచి నర్సు బటన్ నొక్కింది సరే, డ్యూటీ డాక్టరుకి అందిందా? మామూలు పేజర్ ఆ సంగతి చెప్పదు. అందుకే 'అందింది' అని తిరిగి తెలిపే రకం కావాలి, లేదా ఏ నంబరుకి ఫోన్ చేయాలో చూపే స్క్రీన్ అయినా ఉండాలి. ఎక్స్‌రే గది గోడల్లో సీసం రేకు ఉంటుంది, అక్కడ సిగ్నల్ అందుతుందో లేదో విడిగా చూసుకోవాలి. ఇంకో మాట. పోక్సాగ్ అనే పాత పద్ధతిలో వెళ్ళే సందేశానికి తాళం ఉండదు. తగిన రిసీవర్ ఉంటే బయటివాళ్ళూ చదివేయగలరు. రోగి పేరూ జబ్బూ అందులో రాయకూడదు. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో దాదాపు లక్షా 30 వేల పేజర్లున్న రోజుల్లో, 2021 చివరికల్లా వాటిని మానేయమని 2019లో ఆదేశించారు. వైఫై పోతే పనికొస్తాయని అత్యవసరానికి కొన్నిటిని ఉంచుకోనిచ్చారు. నాకు ఆ మినహాయింపే తెలివైన పనిగా తోచింది.

ఇక మావయ్య కోల్డ్ స్టోరేజీ. అసలు తంటా అక్కడే. చలి పోకుండా కట్టిన మందపాటి గోడలు, ఇనుప తలుపులు, మధ్యలో కొండల్లా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. బయట మైదానంలో కిలోమీటరు అందే సిగ్నల్ లోపల రెండో గది దాటకపోవచ్చు. అలాంటిచోట ఖరీదైన పేజర్ కన్నా, గదుల దగ్గర సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ ముందుకు పంపే రిపీటర్లు ఒకటో రెండో పెట్టడం మేలు. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. గ్లౌజులు వేసుకున్న చేతికి చిన్న బటన్లు అందవు. అమ్మోనియా యంత్రాలుండే గదిలోకి మాత్రం మామూలు పరికరం వద్దు. గాలిలో అమ్మోనియా బాగా పేరుకుంటే నిప్పు అంటుకుంటుంది. నిప్పురవ్వ రాదని సర్టిఫికెట్ ఉన్న రకమే అడగమనండి.

పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్ళకైతే బెల్లు పనికిరాదు, ఆ మోతలో ఎవరికీ వినపడదు. ఒంటికి ఆనుకుని గట్టిగా వణికేది కావాలి.

ఏది కొన్నా కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం, డబ్ల్యూపీసీ, అనుమతి కాగితం చూపించమనండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో అది లేనివీ ఉంటాయి.

కేటలాగులో రాసే దూరాన్ని నేను లెక్కలోకి తీసుకోను. డబ్బు కట్టేముందు రెండు పేజర్లు అరువడిగి తెచ్చుకోండి. ఒకరు ఆఫీసులో బటన్ నొక్కుతూ ఉండండి, ఇంకొకరు మావయ్య మనిషిని తోడు తీసుకుని గదిగదికీ తిరగండి. తలుపులు మూసే చూడాలి. అదీ టిక్కీలతో గదులు నిండిన సీజన్లోనే చూడండి, ఖాళీ గదిలో మోగినంత మాత్రాన లాభం లేదు.

ఇట్లు
మీ పెదతాతయ్య, బెజవాడ