ఎవరూ పిలవని ఫంక్షన్

బెంగళూరు మారతహళ్లిలో మా టీమ్‌లో కొత్తగా చేరిన అనంతపురం అబ్బాయి ఒక సాయంత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "అక్కా, ఈ ఫంక్షన్‌ని ఎవరూ పిలవట్లేదు. కోడంతా గ్రెప్ కొట్టి వెతికినా. అయినా బూట్‌లో నడుస్తాంది, ఎట్లా?" అతను చదువుతున్నది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ కోడ్. ఫంక్షన్ కింద సిస్‌ఇనిట్ అని ఒక మాక్రో, అంటే కంపైల్ చేసేటప్పుడు పెద్ద కోడ్‌గా విచ్చుకునే పొట్టి పేరు, ఉంది. కిటుకంతా అందులోనే.

మా అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి పాట పాడేవాళ్లు, పద్యం చదివేవాళ్లు ఎవరింట్లో వాళ్లు చీటీ రాసుకొచ్చి లిఫ్ట్ పక్కనున్న డబ్బాలో వేస్తారు. ఇంటింటికీ తిరిగి అడిగే పని లేదు. డబ్బా తెరిచి, చీటీలు సర్దుకుని పిలవడమే. కెర్నెల్‌లో ఆ డబ్బాని సెక్షన్ అంటారు.

సిస్‌ఇనిట్ విచ్చుకుంటే ఓ చిన్న స్ట్రక్చర్ వస్తుంది: ఫంక్షన్ చిరునామా, ఏ దశలో నడవాలి, ఆ దశలో ఎన్నో వరస. దాని పాయింటర్, అంటే అది ఎక్కడుందో చెప్పే చీటీ, 'సెట్_' అని మొదలయ్యే సెక్షన్‌లో పడుతుంది. సి ఫైళ్లన్నీ విడివిడిగానే కంపైల్ అవుతాయి, ఒకదాని ఊసు ఇంకోదానికి తెలియదు. లింకర్ అనే టూల్ వాటిని ఒకే ప్రోగ్రామ్‌గా కలిపేటప్పుడు ఒకే పేరున్న సెక్షన్లను పక్కపక్కన పేరుస్తుంది. ఏ ఫైల్లోనూ ఎవరూ రాయని అరే (వరసగా పేర్చిన జాబితా) ఒకటి అలా తయారవుతుంది! సెక్షన్ పేరు సి భాషలో పేరుగా చెల్లేదైతే, దాని ముందు 'స్టార్ట్', 'స్టాప్' తగిలించి రెండు సింబల్స్‌ని, అంటే ఆ సెక్షన్ మొదలుకీ చివరకీ పేర్లని, గ్నూ లింకర్ తనే పుట్టిస్తుంది. మొదలూ చివరా దొరికాక మిగిలింది చీటీలను వరస పెట్టి, ఒక్కొక్కటీ పిలిచే ఫర్ లూప్. కొత్త డ్రైవర్ రాసినవాళ్లు వేరే ఏ ఫైలూ ముట్టుకోనక్కర్లేదు. లినక్స్‌లో బూట్ అప్పుడు నడిచే ఇనిట్‌కాల్స్‌దీ ఇదే దారి.

నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇదే పద్ధతి మమ్మల్ని ఏడిపించింది. మొదలు, చివర గుర్తులు లింకర్ స్క్రిప్ట్‌లో మేమే రాసుకున్నాం. తర్వాత సైజు తగ్గుతుందని, వాడని సెక్షన్లను తీసేసే ఆప్షన్ పెట్టాం. చీటీలను పేరుపెట్టి ఎవరూ వాడరు కదా, లింకర్ వాటిని పారేసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బోర్డు లేచింది, డ్రైవర్ మాత్రం లేదు. రెండు రోజులు వెతికాక, స్క్రిప్ట్‌లో 'కీప్' అన్న ఒక్క మాటతో తీరింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చీటీ అసెంబ్లీలో ఉంది. యూజర్ ప్రోగ్రామ్ ఇచ్చిన చిరునామా నుంచి కెర్నెల్ డేటా కాపీ చేయాలి. ఆ చిరునామా తప్పుదైతే? ప్రతిసారీ ముందే పూర్తిగా పరీక్షిస్తే కాపీ నెమ్మదిస్తుంది. అందుకే లినక్స్‌లో ఆ కాపీ ఇన్‌స్ట్రక్షన్ పక్కనే ఒక మాక్రో ఉంటుంది. అది 'పుష్‌సెక్షన్' అంటూ కాసేపు వేరే సెక్షన్‌లోకి వెళ్లి, "ఇక్కడ ఫాల్ట్ (తప్పు చిరునామా తగిలి ప్రాసెసర్ ఆగడం) వస్తే అక్కడికి వెళ్లు" అని రాసి, 'పాప్‌సెక్షన్' అంటూ ఉన్నచోటికే తిరిగొస్తుంది. చీటీలో ఉండేవి 8 బైట్ల చిరునామాలు కూడా కావు, చీటీ నుంచి ఎంత దూరమో చెప్పే 4 బైట్ల అంకెలు. కాపీ సజావుగా సాగినంతసేపూ దాన్ని ఎవరూ చదవరు. ఫాల్ట్ వచ్చిందా, దాన్ని చూసుకునే హ్యాండ్లర్ ఆ చీటీల పట్టికలో బైనరీ సెర్చ్ (ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతకడం) చేసి, దారి దొరకగానే అక్కడికి మళ్లిస్తుంది. కెర్నెల్ పడిపోదు. తప్పు చిరునామా ఇచ్చిన ప్రోగ్రామ్‌కి ఈఫాల్ట్ అనే ఎర్రర్ అందుతుంది, అంతే.