ఇస్సాకు, రిబ్కాల కాపురం: అపోహలు - వాస్తవాలు

సంఘాల్లో పెళ్లి ప్రసంగానికి ఆదికాండము 24వ అధ్యాయం తీయడం మామూలే. అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకమని దాసుణ్ని పంపితే, అతను రిబ్కాను తీసుకొచ్చిన కథ అది. చిక్కల్లా అక్కడితో బైబిలు మూసేయడంలోనే ఉంది. ఆ కాపురం ఎలా సాగిందో 25 నుంచి 27 వరకు చదివితేగాని తెలియదు. పెళ్లికి ముందు కౌన్సెలింగులో తరచుగా సరిదిద్దాల్సి వచ్చే మాటలు ఇవి.

అపోహ: దేవుణ్ని ఒక గుర్తు అడిగి సంబంధం ఖాయం చేసుకోవచ్చు.

వాస్తవం: "ఈ రాత్రిలోగా ఫోన్ చేస్తే ఆ అమ్మాయే" అనుకోవడం చీటీలు వేయడమే. అబ్రాహాము దాసుడు పెట్టింది గుణపరీక్ష. నీళ్లడిగితే తనకిచ్చి, అడక్కుండానే ఒంటెలకూ పోసే పిల్ల కావాలన్నాడు. వెంట ఉన్నవి 10 ఒంటెలు. బాగా దప్పికగొన్న ఒంటె ఒక్కసారికి 100 లీటర్ల దాకా తాగగలదు. అందులో సగమే అనుకున్నా 500 లీటర్లు. కడవకు 15 లీటర్లు పడతాయనుకుంటే 30 సార్లకు పైగా తోడిపోయాలి. అవి తాగడం ముగిసేదాకా పోస్తానన్నది రిబ్కానే. అంతా చూస్తూ కూడా దాసుడు నోరు మెదపలేదు. తర్వాత ఎవరి అమ్మాయివని అడిగాడు, వాళ్లింటికి వెళ్లాడు, వచ్చిన పని చెప్పందే అన్నం ముట్టనన్నాడు, రిబ్కా తండ్రి బెతూయేలు, అన్న లాబానుల మాట తీసుకున్నాడు. గుర్తే చాలనుకుంటే ఇవేవీ అక్కర్లేదు.

అపోహ: పెద్దలు కుదిర్చాక అమ్మాయిని అడిగే పనిలేదు.

వాస్తవం: ఆమె రానంటే ఏం చేయాలని దాసుడు బయల్దేరకముందే అడిగాడు. అప్పుడు నీకు ప్రమాణం నుంచి విడుదల అన్నాడు అబ్రాహాము. పెద్దలు ముందుగా సరేనన్న మాట నిజమే, కానీ రిబ్కాను పిలిచి, "వెళ్తాను" అనిపించుకున్నాకే సాగనంపారు. పాస్టరు ఇద్దరినీ విడివిడిగా, ఇంటివాళ్లెవరూ గదిలో లేకుండా అడగాలి. శుభలేఖలు అచ్చయ్యాక, హాల్లో అందరి ముందూ అడిగితే ఆ పిల్ల తలూపక ఏం చేస్తుంది?

అపోహ: మేనరికం, కట్నం బైబిలు చెప్పినవే.

వాస్తవం: బెతూయేలు అబ్రాహాము తమ్ముడైన నాహోరు కొడుకు. మన వరసల్లో ఇస్సాకుకు అన్నదమ్ముడే అవుతాడు, రిబ్కా కూతురి వరస. ఈ పెళ్లిని ఆదర్శంగా చూపించి మేనరికం చేసేవాళ్లు ఈ లెక్క వేసుకోరు! ఇస్సాకు కొడుకు యాకోబు, లాబాను కూతురు రాహేలులది మాత్రం అచ్చంగా మేనరికమే. రెండూ జరిగిన సంగతులు, ఆజ్ఞలు కావు.

ఇక బంగారం. అరతులం ముక్కు కమ్మి, పది తులాల కడియాలు రెండు, అన్నీ మగపెళ్లివారి నుంచి ఆడపెళ్లివారికి వెళ్లాయి. మన పాతకాలపు ఓలి లాంటిది. ఐగుప్తు రాజు ఫరో తన కూతురికి గెజెరు పట్టణం ఇచ్చిన సంగతీ బైబిల్లో ఉంది, అయితే అది కూతురికిచ్చింది, అల్లుడు అడిగి పుచ్చుకున్నది కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే.

అపోహ: పిల్లలు పుట్టకపోతే లోపం భార్య విశ్వాసంలో ఉంది.

వాస్తవం: పెళ్లినాటికి ఇస్సాకుకు 40 ఏళ్లు, కవలలు పుట్టేసరికి 60. ఆ 20 ఏళ్లలో భార్య కోసం ప్రార్థించింది భర్తే. అబ్రాహాములా రెండో స్త్రీ జోలికి పోలేదు. పరీక్షలు ఇద్దరూ చేయించుకోవాలి, ఉపవాసం కోడలి ఒక్కదానిదే కాకూడదు.

అపోహ: దేవుడు జతపరిస్తే కాపురం దానంతటదే సాగుతుంది.

వాస్తవం: గెరారు అనే ఊళ్లో ప్రాణభయంతో ఇస్సాకు భార్యను చెల్లెలన్నాడు. కవలల్లో పెద్దవాడైన ఏశావును తండ్రి, చిన్నవాడైన యాకోబును తల్లి వెనకేసుకొచ్చారు. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు చెప్పింది రిబ్కాతో, ఆమె ఆ మాట భర్త చెవిన వేసినట్టు ఎక్కడా లేదు. ఆమె నేరుగా ఇస్సాకుతో అన్నట్టు రాసింది ఒక్కచోటే, 27:46లో. అదీ ఏశావు పెళ్లాడిన హేతు జాతి కోడళ్ల మీద విసుగు. తండ్రి దీవెనను మోసంతో దక్కించుకున్న యాకోబును చంపుతానన్న ఏశావు పగ సంగతి అందులో లేదు. కొన్నాళ్లని లాబాను ఉండే హారానుకు పంపిన కొడుకు 20 ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. తల్లీకొడుకులు మళ్లీ కలిసినట్టు బైబిల్లో లేదు.

అందువల్ల కౌన్సెలింగులో అబ్బాయి చేత, అమ్మాయి చేత విడివిడి కాగితాల మీద మూడు విషయాలు రాయించాలి: ఉన్న అప్పులు, ఉన్న జబ్బులు, పెళ్లయ్యాక పుట్టింటికి, అత్తింటికి నెలనెలా పంపాలనుకునే డబ్బు. తర్వాత కాగితాలు మార్చుకుని చదవమనాలి. తేడాలు అక్కడే బయటపడతాయి, వాటి మీద మాట తెగాకే తేదీ పెట్టుకోవాలి.