రెండు పలకలు, ఒక తడి తువ్వాలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఉంటూ ఎలక్ట్రానిక్స్‌తో కళాఖండాలు చేస్తుంటాను. ఇప్పుడు ఊరూరా తిప్పుతున్నది రెండు మార్కాపురం పలకలు. ఒక్కో పలక మీద అరచెయ్యంత రాగి రేకు ఉంటుంది. రెండింటి మధ్య రెండు మీటర్ల దూరం, ఆ పొడుగునా ఎల్ఈడీ స్ట్రిప్, అంటే చిన్న చిన్న దీపాల పట్టీ. ఇద్దరు మనుషులు తలో పలక మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో ఉప్పునీళ్లలో తడిపిన తువ్వాలును చెరో కొస పట్టుకోవాలి. వెలుగు రెండు వైపుల నుంచీ బయలుదేరి మధ్యలో కలుస్తుంది. ఒకరు వదిలేస్తే ఆరిపోతుంది.

పలకే ఎందుకని అడుగుతారు. మనలో చాలామందికి మొదటి అక్షరం దాని మీదే. పైగా పొడిగా ఉన్న పలకరాయి కరెంటును దాటనివ్వదు. ఒకప్పుడు స్విచ్ బోర్డులకు కూడా ఆ రాయినే వాడేవారు.

అపోహ: ఇద్దరి మధ్య ప్రేమ ఎంతుందో ఇది చెప్పేస్తుంది.

వాస్తవం: చెప్పదు. తువ్వాలు, రెండు ఒళ్లు, రెండు రేకులు కలిసి కరెంటును ఎంత అడ్డుకుంటున్నాయో మాత్రమే కొలుస్తుంది. ఆర్డుయినో బోర్డు, అంటే ప్రోగ్రామ్ రాసి పెట్టుకునే చిన్న కంప్యూటర్ లాంటిది, ఆ కొలతను 0 నుంచి 1023 లోపు ఒక అంకెగా చూస్తుంది. చెయ్యి గట్టిగా నొక్కితే రేకుకు తగిలే చర్మం పెరిగి వెలుగు పెరుగుతుంది. అరచెయ్యి చెమర్చినా అంతే.

ఉద్వేగానికీ చర్మానికీ సంబంధం ఉన్న మాట నిజమే. ఉద్వేగం కలిగినప్పుడు చర్మం కరెంటును అడ్డుకునే తీరు మారుతుందని ఫ్రాన్సులో షార్ల్ ఫేరే అనే వైద్యుడు 1888లోనే రాశాడు. కానీ లోపల ఏదో కదిలిందని తప్ప, అది భయమో సంతోషమో కోపమో ఆ మార్పు చెప్పలేదు. మే నెల ఒంగోలులో మూడంతస్తులు ఎక్కి వచ్చినా అరచేతులు అలాగే చెమరుస్తాయి.

ఈ సంగతి నాకు బాధతోనే తెలిసింది. మొదటి ప్రదర్శనకు కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. వాళ్లకు వెలుగు మసకగా వచ్చింది. పక్కవాళ్లకు ధగధగా వచ్చేసరికి ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. అబ్బాయి చెయ్యి చూస్తే, సిమెంటు పనితో కాయలు కాసి పొడిబారి ఉంది. మందంగా, పొడిగా ఉన్న చర్మం కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది. కష్టపడిన చేతిని నా ప్రోగ్రామ్ ప్రేమ లేని చెయ్యిగా చూపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే పద్ధతి మార్చాను. ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి మూడు సెకన్ల కొలతే వాళ్ల మొదలు. అక్కడి నుంచి పెరిగిందా, తగ్గిందా అన్నదే వెలుగులో కనిపిస్తుంది. ఒక జంట వెలుగును ఇంకో జంట వెలుగుతో పోల్చడానికి వీల్లేదు. ఈ మొత్తం పనిలో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదేనని నమ్ముతున్నాను.

"కెమెరా పెట్టి ముఖం చూసి భావం చెప్పించు" అని కొందరు సలహా ఇస్తారు. దానికి నేను ఒప్పుకోను. ముఖ కదలికల్ని బట్టి మనసులోని భావాన్ని నమ్మకంగా చెప్పలేమని మనస్తత్వ శాస్త్రవేత్త లిసా ఫెల్డ్‌మన్ బారెట్, ఆమె సహ పరిశోధకులు పాత అధ్యయనాలను సమీక్షించి 2019లో స్పష్టంగా రాశారు.

అపోహ: ఒంట్లోంచి కరెంటు పోతుంది కాబట్టి షాక్ కొడుతుంది.

వాస్తవం: పెద్దవాళ్లందరి భయం ఇదే, భయపడటంలో తప్పేమీ లేదు. 5 వోల్టులకు ఒక మెగా ఓమ్ రెసిస్టర్, అంటే కరెంటును గట్టిగా అడ్డుకునే చిన్న భాగం, అడ్డం పెట్టాను. దాంతో ఒంట్లోంచి 5 మైక్రో ఆంపియర్లకు మించి పారదు. సుమారు ఒక మిల్లీ ఆంపియర్ దాకా వస్తే గానీ మనిషికి చురుక్కుమనదు. ఇది అందులో 200వ వంతు.

అసలు ప్రమాదం గోడ ప్లగ్గుతో వస్తుంది. చవక అడాప్టర్ల నుంచి కొద్దిగా లీకయ్యే కరెంటుకు రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది. అడాప్టర్ లోపలే పాడైతే ప్రాణాల మీదికి వస్తుంది. మనిషి చర్మం తగిలే దేన్నీ నేను గోడ ప్లగ్గుకు కలపను. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, దాన్ని 5 వోల్టులకు దించే చిన్న కన్వర్టర్, అంతే. మధ్యలో కరెంటు పోయినా ప్రదర్శన ఆగదు.

అపోహ: కోడ్ రాస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: కోడ్ రెండు రోజుల్లో అయింది. మిగతాది రెండు నెలలు పట్టింది. 120 ఎల్ఈడీలు పూర్తి తెలుపులో వెలిగితే ఒక్కోటి 60 మిల్లీ ఆంపియర్ల దాకా, మొత్తం 7.2 ఆంపియర్లు లాగుతాయి. ఒకవైపు నుంచే కరెంటు ఇస్తే చివరి దీపాలు ఎర్రబడతాయి. అందుకే స్ట్రిప్‌కు రెండు కొసల్లోనూ కరెంటు ఇచ్చి, వెలుగును మూడో వంతుకు తగ్గించాను. కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి రాగి రేకు పచ్చబడుతుంది. రోజూ ఉదయం చింతపండుతో తోమి కడుగుతాను.

అపోహ: ఎంత జిగేలుమంటే అంత బాగా ఆకట్టుకుంటుంది.

వాస్తవం: జిగేలు కంటే ఆలస్యం లేకపోవడం ముఖ్యం. మొదట్లో వెలుగు వణకకుండా ఉండాలని చాలా కొలతల సగటు తీసేవాణ్ని. చెయ్యి పెట్టిన దాదాపు ఒక సెకనుకు వెలిగేది. జనం 'ఎవరు స్విచ్ వేశారు' అని వెనక్కి తిరిగి చూసేవాళ్లు. సెకనులో పదో వంతు లోపు స్పందిస్తేనే అది తన చేతి పనేనని మనిషికి అనిపిస్తుంది. అలాగని సగటు మొత్తం తీసేస్తే, గోడల్లోని వైర్ల నుంచి ఒంటికి సోకే 50 హెర్ట్జ్ గోల, అంటే సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు అలజడి, కొలతలోకి వచ్చేస్తుంది. ఆ గోల ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు. సరిగ్గా మూడు చుట్లు, అంటే 60 మిల్లీసెకన్ల సగటు తీస్తే అది చాలావరకు రద్దవుతుంది, ఆలస్యమూ తెలియదు.

అపోహ: మన వైపు జనానికి ఇలాంటివి ఎక్కవు.

వాస్తవం: ఈ మాట వింటే కోపం వస్తుంది. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రంలో రొట్టెల పండుగకు వెళ్లి చూడండి. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. ముక్కూ మొహం తెలియనివాళ్లు 'నాకు ఇది కావాలి' అని ఒకరికొకరు చెప్పుకుంటారు. మనసులోని మాట పంచుకోవడం ఈ జనానికి నేను కొత్తగా నేర్పేదేముంది?

తువ్వాలు ఆలోచన కూడా అక్కడిదే. మొదట ఇద్దరూ చేతులు కలిపితేనే వెలిగేలా చేశాను. పరాయి ఆడవాళ్లూ మగవాళ్లూ ముందుకు రాలేదు, రారు కూడా. నడుమ రొట్టె ఉంటే చెయ్యి చాపడానికి మొహమాటం ఉండదని చెరువు దగ్గర చూసి, తువ్వాలు పెట్టాను.

మొన్న నెల్లూరులో ప్రదర్శన చివర ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చింది. పలక మీద చెయ్యి పెట్టి తువ్వాలు కొస పట్టుకుంది. అవతల ఎవరూ లేరు. నేను వెళ్లబోయేంతలో తలుపు దగ్గర కుర్చీలో ఉన్న వాచ్‌మన్‌ను కేకేసింది: "రా నాయనా, ఆ కొస కాస్త పట్టుకో."