పేస్ట్ పని గాలిని తరమడం

కంప్యూటర్ ప్రాసెసర్‌కీ, దాని వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్, రాగితో పోలిస్తే వేడిని చాలా నాసిగా మోస్తుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే, దాన్ని ఎంత రాయాలి, ఎలా రాయాలి అన్న టెన్షన్ సగం పోతుంది. ఉష్ణవాహకతను మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు అని కొలుస్తారు. ఆ కొలతలో రాగిది దాదాపు 400, అల్యూమినియంది 200 పైన. మంచి పేస్ట్‌ది కూడా మామూలుగా 5 నుంచి 10 మధ్యే. మరి రెండు మంచి వాహకాల మధ్య ఇంత బలహీనమైన పదార్థాన్ని ఎందుకు పూస్తాం? గాలిది 0.026 మాత్రమే కాబట్టి.

ప్రాసెసర్ మీదుండే లోహపు మూత, హీట్‌సింక్ అడుగు కంటికి నున్నగానే కనిపిస్తాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే అంతా గుట్టలూ గుంటలే. పైగా రెండూ పూర్తిగా చదునుగా ఉండవు. ఒకటి మధ్యలో కాస్త ఉబ్బి ఉండొచ్చు, ఇంకొకటి కాస్త లోపలికి ఉండొచ్చు. ఎంత గట్టిగా బిగించినా లోహం లోహాన్ని తాకేది అక్కడక్కడే. మిగతా చోటంతా గాలి చేరుతుంది.

ఇది ఎంత నష్టమో లెక్క వేసి చూద్దాం. ప్రాసెసర్ 100 వాట్లు వాడుతోందనుకోండి. ఆ కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. మూత వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు, మధ్యలో ఖాళీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆ ఖాళీలో ఉన్నదంతా గాలే అయితే, 100 వాట్ల వేడి దాన్ని దాటడానికి అటూ ఇటూ 190 డిగ్రీల తేడా ఉండాలి. నిజానికి లోహం కొన్నిచోట్ల తాకుతుంది కాబట్టి పరిస్థితి అంత దారుణంగా ఉండదు. అదే ఖాళీని వాహకత 5 ఉన్న పేస్ట్‌తో నింపితే ఒక్క డిగ్రీ తేడా సరిపోతుంది. కానీ ఆ పేస్ట్‌నే అర మిల్లీమీటరు మందాన వదిలేస్తే తేడా 10 డిగ్రీలవుతుంది.

పేస్ట్ గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు ఈ లెక్కలోనే ఉంది. గాలి మిగలకూడదు, పొర మందంగా ఉండకూడదు. రెట్టింపు వాహకత ఉన్న ఖరీదైన పేస్ట్ కొన్నా ఈ లెక్క ప్రకారం మిగిలేది అర డిగ్రీ. వేడి మూత అంతటా సమానంగా పరుచుకోదు, మధ్యలో కింద ఉన్న చిన్న చిప్ దగ్గరే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అసలు తేడా కొన్ని డిగ్రీల దాకా రావచ్చు. అయినా కూలర్ (హీట్‌సింక్, దాని ఫ్యాన్ కలిపి) వంకరగా బిగిస్తే పోయేది అంతకన్నా ఎక్కువ. నా మటుకు నేను బ్రాండు వెతకడం మీద కన్నా స్క్రూల మీదే శ్రద్ధ పెట్టమంటాను.

ఆ చిన్న చిప్ సంగతి కూడా చూడాలి. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు తీసుకున్నా, ఆ వేడి సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసర్‌లో 100 వాట్లు పుట్టేది సుమారు రెండు చదరపు సెంటీమీటర్లలో, అంటే పది రెట్ల సాంద్రత. మొదట్లో ఇలా ఉండేది కాదు. 1978 నాటి ఇంటెల్ 8086కి హీట్‌సింకే అక్కర్లేదు. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతుంటే వోల్టేజీని కూడా తగ్గించి, వేడి సాంద్రత పెరగకుండా చూడొచ్చని 1974లో ఐబీఎంకి చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం చూపించింది. 2005 ప్రాంతానికి ఆ దారి మూసుకుపోయింది. వోల్టేజీని ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టర్లు ఆఫ్‌లో ఉన్నప్పుడూ కరెంటు లీకవడం మితిమీరుతుంది. చిప్ వేడెక్కినకొద్దీ ఆ లీకేజీ పెరుగుతుంది, లీకేజీ మళ్ళీ వేడిని పెంచుతుంది. అందుకే చల్లగా ఉన్న ప్రాసెసర్ అదే పనికి కాస్త తక్కువ కరెంటు తీసుకుంటుంది.

ఇక రాయడం. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో పూర్తిగా తుడవాలి. మూత మధ్యలో బఠాణీ గింజంత పెట్టి, కూలర్‌ను నిటారుగా దించి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఒత్తిడికి పేస్ట్ దానంతటదే పరుచుకుంటుంది. వెడల్పాటి ప్రాసెసర్‌కి ఇంటూ గుర్తులా గీస్తే మూలలకూ అందుతుంది. చుక్కా, గీతా, ఇంటూ గుర్తా అన్న వాదన ఎంతకీ తెగదు గానీ, ఒత్తిడి సమంగా ఉంటే ఫలితంలో తేడా స్వల్పమే. పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉండే ఏఎండీ కంపెనీ ఏఎం4 రకం ప్రాసెసర్లున్నవాళ్ళకు ఒక హెచ్చరిక: ఎండిన పేస్ట్ అంటుకుపోయి ఉంటే, కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు కంప్యూటర్ నడిపి పేస్ట్ మెత్తబడ్డాక, ఆపి, ప్లగ్ తీసేసి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

గాలియం అనే లోహం కలిసిన లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం), మామూలు పేస్ట్ కన్నా ఎంతో మెరుగ్గా వేడిని మోస్తుంది. సోనీ ప్లేస్టేషన్ 5లో వాడేది అదే. కానీ గాలియం అల్యూమినియంను తినేస్తుంది, పక్కకు ఒలికితే సర్క్యూట్లు షార్ట్ అవుతాయి. ఇంట్లో ప్రయోగం చేయడానికి నేను సిఫార్సు చేయను.

మన వేసవిలో పేస్ట్ ఎంత బాగున్నా ఒక హద్దు ఉంటుంది. ఫ్యాన్ ఉన్న ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది గాలి కన్నా చల్లబరచలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 70 చూపిస్తుంటే, మే నెలలో శ్లాబు కింద గది 40కి చేరితే అదే పనికి 85 చూపిస్తుంది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 రకాల్లో చాలావి 95 దగ్గర వేగం తగ్గించుకుని తమను తాము కాపాడుకుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 45 దాటే రోజుల్లో ఆ హద్దుకు చేరడం కష్టమేమీ కాదు. క్యాబినెట్‌ను టేబుల్ అరలో మూసిపెట్టడం, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకోనివ్వడం లాంటి అలవాట్లు చేసే చెరుపును కొత్త పేస్ట్ పూడ్చలేదు.

తప్పు ఎక్కడుందో ఉష్ణోగ్రత పెరిగే తీరును బట్టి చాలావరకు పట్టుకోవచ్చు. బరువైన పని మొదలుపెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే 95కి ఎగబాకితే వేడి హీట్‌సింక్‌కి చేరడం లేదని అర్థం: పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా కూలర్ సరిగా కూర్చోలేదు. పది పదిహేను నిమిషాలపాటు మెల్లగా ఎక్కుతూ పోతే పేస్ట్ జోలికి వెళ్ళకుండా ముందు ఫ్యాన్లు, దుమ్ము, గాలి వెళ్ళే దారి చూడండి.