పెన్సిల్‌ని కర్రగా మార్చే గోడ

సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ కోసం, ప్లాస్మాను (విపరీతంగా వేడెక్కి కరెంటు పారే వాయువును) ఉంగరం ఆకారపు పాత్రలో అయస్కాంతాలతో బంధించే యంత్రం టోకమాక్. "15 కోట్ల డిగ్రీల ప్లాస్మా పోస్తే ఆ పాత్ర కరిగిపోదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కరగదు. టోకమాక్‌లోని ప్లాస్మా గాలి కంటే లక్ష రెట్లకు పైగా పలచన. పైగా అయస్కాంత క్షేత్రం దాన్ని గోడకు దూరంగా ఉంచుతుంది. అసలు టెన్షన్ అంతా అది కుదురుగా ఉండకపోవడంతోనే.

ప్లాస్మా ఉంగరాన్ని అడ్డంగా కోస్తే, ఆ కోత గుండ్రంగా కాక నిలువుగా సాగి ఉన్నప్పుడు ఎక్కువ పీడనం తట్టుకుంటుంది. అలా సాగదీయడానికి పైనా కిందా కాయిల్స్ పెట్టి లాగుతారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్లాస్మా ఒక్క మిల్లీమీటరు పైకి జరిగిందా, పై కాయిల్ లాగుడు పెరుగుతుంది, కింది దాని పట్టు సడలుతుంది. దాంతో ఇంకాస్త జరుగుతుంది.

వేలి మీద పెన్సిల్ నిలబెట్టి చూడండి. చెయ్యి సర్దుకునేలోపే పడిపోతుంది. అదే నిలువెత్తు కర్రనైతే అరచేతిలో కాసేపు ఆపగలం. పొడుగు కర్ర నెమ్మదిగా వాలుతుంది, చేతికి టైమ్ ఇస్తుంది. ప్లాస్మా పెన్సిల్ లాంటిది. దాన్ని దాని మానాన వదిలేస్తే మైక్రోసెకన్లలో ఒరిగిపోతుంది. ఏ పవర్ సప్లైకీ అంత వేగం లేదు. ఆ పెన్సిల్‌ని కర్రగా మార్చేది చుట్టూ ఉన్న లోహపు గోడ!

ప్లాస్మా కదలగానే గోడలో ఎడ్డీ కరెంట్లు (లోహంలో సుడులు తిరిగే కరెంట్లు) పుట్టి, ఆ కదలికకే అడ్డుపడతాయి. నిలబెట్టిన రాగి గొట్టంలోకి బలమైన అయస్కాంతాన్ని వదిలితే ఇదే కనిపిస్తుంది. అది రాగికి అంటుకోదు, అయినా తేనెలో మునుగుతున్నట్టు తీరిగ్గా దిగుతుంది. పుట్టిన కరెంటు తనను పుట్టించిన మార్పుకే అడ్డుపడుతుందనే ఈ లెంజ్ నియమాన్ని క్లాసులో ఫార్ములాలో ఒక మైనస్ గుర్తుగా చెప్పి దాటేస్తారు. ఆ గొట్టాన్ని ఒక్కసారి పిల్లల చేతికిస్తే ఎంత బాగుంటుందో!

అయితే గోడకు నిరోధం ఉంది కాబట్టి ఆ కరెంట్లు త్వరగానే సన్నగిల్లుతాయి. ప్లాస్మాను గోడ ఆపలేదు, ఆలస్యం చేస్తుంది. మైక్రోసెకన్లు మిల్లీసెకన్లవుతాయి. దొరికిన ఆ కాస్త వ్యవధిలోనే సెన్సర్లు క్షేత్రాన్ని కొలవాలి, కంప్యూటర్ ప్లాస్మా ఎక్కడుందో లెక్కగట్టాలి, కాయిల్స్ వోల్టేజీ మార్చాలి. 2022లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, స్విట్జర్లాండ్‌లోని టీసీవీ అనే టోకమాక్‌లో, సిమ్యులేటర్‌లో శిక్షణ పొందిన, గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ న్యూరల్ నెట్‌వర్క్ 19 కాయిల్స్‌నీ ఒక్కటే నడిపింది. సెకనుకు 10,000 సార్లు ఆదేశాలిస్తూ, ఒకే పాత్రలో రెండు ప్లాస్మా బొట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టింది కూడా.

పట్టు తప్పితే ప్లాస్మా గోడను తాకుతుంది. దానిలోని కరెంటులో కొంత గోడలోకి మళ్లుతుంది, ఆ కరెంటును అయస్కాంత క్షేత్రం తోయడంతో పాత్ర మొత్తం కుదుపుకు లోనవుతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే భారీ టోకమాక్ 1.5 కోట్ల ఆంపియర్ల కరెంటుతో నడవాలి. ఇంతసేపూ ప్లాస్మాను కాసిన గోడను అప్పుడు మనం కాయాలి. అందుకే గడ్డకట్టిన నియాన్, హైడ్రోజన్ గుళికలను ముక్కలుగా పగలగొట్టి ప్లాస్మాలోకి కొట్టే ఏర్పాటు అక్కడ సిద్ధం చేస్తున్నారు. వేడి ఒకేచోట పడకుండా, వెలుగుగా మారి అన్ని వైపులా చెదిరిపోతుంది.