బుగ్గకు అతికే మందు ల్యాబ్ దాటి ఎందుకు రాలేదు?

నోట్లో ఫంగస్ సోకితే దాన్ని చంపే మందులకు కొదవ లేదు. ఆ మందును నోట్లో నిలపడమే కష్టం. పెద్దవాళ్ల నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దూదితో పూసిన మందైనా, చప్పరించిన బిళ్లైనా కాసేపటికే దాంతో కలిసి గొంతులోకి జారిపోతుంది. అందుకే బుగ్గ లోపలి చర్మానికి అతుక్కుని, గంటల తరబడి కొంచెం కొంచెంగా మందు వదిలే పలుచని పొరలు తయారు చేయాలన్న ఆలోచన పుట్టింది. ఇంగ్లీషులో వీటిని బక్కల్ ఫిల్మ్స్ అంటారు. తిరుపతి, చిత్తూరు ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మ్ చదివినవాళ్లకు ఈ పేరు కొత్తేమీ కాదు. మందుల షాపులో మాత్రం ఇప్పటికీ నోట్లో పూసే మౌత్ పెయింటో, ఫంగస్‌కు మింగే ఫ్లూకొనజోల్ మాత్రో చేతికిస్తారు. ఈ రెండింటి మధ్య దూరం ఎలా ఏర్పడిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నోట్లో ఈ ఫంగస్ సోకితే నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పెరుగులా తెల్లటి పూత కనిపిస్తుంది. తుడిస్తే ఊడివస్తుంది, కింద ఎర్రగా మండుతుంది. దీనికి కారణం క్యాండిడా అనే ఈస్ట్. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోళ్లలోనూ అది హాని చేయకుండా ఉంటుంది. షుగర్ అదుపు తప్పినా, కట్టుడు పళ్లు రాత్రిపూట తీయకపోయినా, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించకపోయినా, యాంటిబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడినా విజృంభిస్తుంది. బలహీనపడ్డ రోగుల్లో ఇలాంటి పూత వస్తుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ కాలంలోనే గుర్తించారు. అందులో ఫంగస్ ఉందని 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక టైఫాయిడ్ రోగిలో చూశారు. ఆ తర్వాత కూడా వందేళ్లకు పైగా సరైన మందు లేదు. జెన్షన్ వయొలెట్ అనే రంగుమందు పూస్తే పిల్లల పెదవులు ఊదారంగుకు తిరిగేవి.

సరైన మందు ఇచ్చింది ఇద్దరు మహిళలు. వాళ్ల గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పాల్సినంత చెప్పలేదని నా అభిప్రాయం. ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసేవారు. ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో. హేజెన్ మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను పెంచి సీసాల్లో పోస్టు చేసేవారు. బ్రౌన్ వాటిలోంచి ఫంగస్‌ను చంపే పదార్థాన్ని విడదీసి మళ్లీ పోస్టులో పంపేవారు. వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పాడి పొలం నుంచి తెచ్చిన మట్టిలో చివరికి నిస్టాటిన్ దొరికింది. 1950లో ఆ సంగతి లోకానికి తెలిసింది. పేటెంటు మీద వచ్చిన కోటీ ముప్పై లక్షల డాలర్లకు పైగా రాయల్టీని ఇద్దరూ సొంతానికి వాడుకోకుండా సైన్సు పరిశోధనలకే వదిలేశారు.

నిస్టాటిన్‌కు ఒక గుణం ఉంది. మింగితే అది రక్తంలోకి దాదాపుగా చేరదు, తాకిన చోటే పనిచేస్తుంది. కాబట్టి ఎంతసేపు తాకి ఉంటే అంత మేలు. రోజుకు నాలుగుసార్లు నోట్లో పోసుకుని వీలైనంతసేపు ఉంచుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. తర్వాత వచ్చిన క్లోట్రిమజోల్ చప్పరింపు బిళ్లనైతే రోజుకు ఐదుసార్లు వాడాలి. ముసలివాళ్లు, నోరంతా పుండ్లున్నవాళ్లు ఇది రెండు వారాలు క్రమం తప్పకుండా చేయగలరా?

1981 జూన్‌లో అమెరికాలో ఎయిడ్స్ గురించి వెలువడిన తొలి నివేదికలో ఐదుగురు రోగుల ప్రస్తావన ఉంది. ఐదుగురికీ క్యాండిడా ఇన్ఫెక్షన్ ఉంది. మన దేశంలో హెచ్ఐవీని మొదట కనిపెట్టింది మనకు దగ్గరలోని చెన్నైలోనే, 1986లో. ఆ తర్వాత ఈ తెల్లపూత హెచ్ఐవీ ఉండొచ్చన్న హెచ్చరికలా మారింది. అదే కాలంలో వచ్చిన ఫ్లూకొనజోల్ మాత్ర రోజుకొకటి మింగితే చాలు. అది ఎంతోమందికి నిజంగానే ప్రాణం పోసింది. అయితే మింగిన మందు ఒళ్లంతా తిరుగుతుంది. షుగర్‌కు వాడే గ్లిమిపిరైడ్‌ను, రక్తం పలుచబడటానికి వాడే వార్ఫరిన్‌ను విడగొట్టే కాలేయ ఎంజైమును ఫ్లూకొనజోల్ అడ్డుకుంటుంది. దాంతో షుగర్ మరీ పడిపోవచ్చు, రక్తస్రావం కావచ్చు. నోటి ఫంగస్ ఎక్కువగా వచ్చేది షుగర్ రోగులకే కదా. నా దృష్టిలో అతికే పొరల అవసరం మొదలయ్యేది ఇక్కడే.

నోట్లో మందును అతికించే ప్రయత్నాలు అంతకు ముందునుంచే ఉన్నాయి. 1947లో పెన్సిలిన్‌ను ట్రాగకాంత్ బంకతో కలిపి చిగుళ్లకు పట్టించాలని చూశారు. తర్వాత పెక్టిన్, జెలటిన్, సోడియం సీఎంసీ అనే జిగురు పదార్థాలు కలిపిన ఒరాబేస్ లేపనం వచ్చింది. జపాన్‌లో ప్రొఫెసర్ సునేజి నగాయ్ బృందం 1980ల మొదట్లో కార్బోపాల్ అనే జిగురు పదార్థంతో పుండ్లకు అతికే చిన్న బిళ్లలు తయారుచేసింది. ఫంగస్‌కు వచ్చిన గట్టి ఫలితం ఫ్రాన్స్‌ది. అక్కడి కంపెనీ తయారుచేసిన, పై పళ్ల చిగురు మీద రోజుకొకటి అతికించే 50 మిల్లీగ్రాముల మైకొనజోల్ బిళ్లకు అమెరికా 2010లో అనుమతి ఇచ్చింది. అందులో జిగురుగా పనిచేసేది పాల ప్రొటీన్. హెచ్ఐవీ రోగులపై జరిపిన ట్రయల్‌లో అది రోజుకు ఐదుసార్లు చప్పరించే క్లోట్రిమజోల్‌కు తీసిపోలేదని తేలింది. అయితే మైకొనజోల్‌ను నోట్లో వాడినా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పి తీరాలి.

పొర బిళ్లకంటే పలుచన, మెత్తన, నోట్లో ఉన్నట్టు పెద్దగా తెలియదు. తయారీ వినడానికి సులువుగానే ఉంటుంది. హెచ్‌పీఎంసీ, కైటోసాన్ లాంటి పాలిమర్‌ను (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాన్ని) కరిగించి, మందు కలిపి, పెళుసు కాకుండా కాస్త గ్లిజరిన్ చేర్చి, పెట్రి డిష్‌లో పోసి ఆరబెడతారు. లాలాజలం తగలగానే పాలిమర్ ఉబ్బి, దాని గొలుసులు బుగ్గ మీది జిగట పొరలోని మ్యూసిన్ అనే ప్రొటీన్‌తో పెనవేసుకుంటాయి. కైటోసాన్‌కు ధనావేశం, మ్యూసిన్‌కు ఋణావేశం ఉండటంతో పట్టు ఇంకా పెరుగుతుంది. అవతలి వైపు నీటిలో కరగని ఇథైల్ సెల్యులోజ్ పూస్తే మందు లాలాజలంలోకి పోకుండా బుగ్గ వైపే దిగుతుంది. ఎన్నిసార్లు మడిస్తే విరుగుతుందో, ఎంత బలంతో లాగితే ఊడుతుందో కొలుస్తారు. కబేళా నుంచి తెచ్చిన మేక బుగ్గ లోపలి చర్మంపై అతికించి చూస్తారు. ప్రాజెక్టు అక్కడితో ముగుస్తుంది.

ఎందుకంటే ఆ తర్వాతి మెట్టు మనుషులపై ట్రయల్. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం పాత మందునైనా కొత్త రకం డెలివరీ పద్ధతిలో ఇస్తే అది ఎప్పటికీ కొత్త మందే. అనుమతి, ఎథిక్స్ కమిటీ, రోగులకు బీమా, పరిహారం అన్నీ కావాలి. ఈ నిబంధన తప్పని నేను అనను, అది రోగి భద్రత కోసమే. కాకపోతే చవగ్గా దొరికే ఫ్లూకొనజోల్‌తో పోటీపడే పొర కోసం అంత ఖర్చు పెట్టడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? కాలేజీకి ఆ స్తోమత లేదు, విద్యార్థికి సమయం లేదు.

నిజానికి తిరుపతిలో కావాల్సినవన్నీ పక్కపక్కనే ఉన్నాయి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఫార్మాస్యూటికల్ టెక్నాలజీ సంస్థ ఉంది. స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి, రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది. అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో 2022లో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకునేవారికి లాలాజలం తగ్గిపోయి ఈ ఫంగస్ తరచూ సోకుతుంది. అంత ఎండిన నోట్లో పొర ఎలా పనిచేస్తుందో మేక చర్మం చెప్పజాలదు. ముడిసరుకూ మన దగ్గరే ఉంది. చిత్తూరు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు పారేసే తొక్కలో పెక్టిన్ ఉంటుంది, చింతగింజల పిండిలోని పాలిసాకరైడ్ అనే పిండిపదార్థం కూడా మ్యూసిన్‌కు అతుక్కునేదే. ఈ సంస్థలన్నీ కలిసి ఒకే ఒక్క పొరను ఎంచుకుని, ఏటా కొత్త విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, ట్రయల్ దాకా తీసుకెళ్లాలి. దానికి డబ్బు ప్రభుత్వం నుంచే రావాలి. నిస్టాటిన్ పుట్టింది కూడా ప్రభుత్వ ల్యాబ్‌లోనే.

అప్పటిదాకా పూత కనిపిస్తే సొంతంగా ఫ్లూకొనజోల్ కొని మింగవద్దు. షుగర్ చూపించుకోండి. తుడిచినా ఊడని తెల్లమచ్చ అయితే, ముఖ్యంగా పొగాకు, గుట్కా అలవాటుంటే, అది ఫంగస్ కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా డెంటల్ డాక్టరుకు చూపించండి.